పురుగు కుట్టిన వేళ

తెలుగులో 'పురుగు' అనే మాట రూపంలో చిన్నదైనా అర్థంలో మిక్కిలి విశాలమైనది. బియ్యంలో పాకేది పురుగే. దీపం చుట్టూ ప్రదక్షిణం చేసే రెక్కల ప్రాణి పురుగే. గోడ మూలలో గూడు అల్లుకొన్న సాలీడూ పురుగే. చీకటి పడిన తరువాత పామును పేరు పెట్టి పిలవరాదనే నమ్మకం ఉన్న పల్లెల్లో పాము కూడ పురుగే. 'పురుగూ పుట్రా ఉంటాయి, దీపం తీసుకొని వెళ్ళు' అని పెద్దలు హెచ్చరించినప్పుడు వారి మనస్సులో మెదిలేది చీమా కాదు, దోమా కాదు. దీపం ఆరిందనక కొండెక్కిందని అన్నట్లే, పాము కరిచిందనక పురుగు ముట్టిందని అంటారు. భాషాశాస్త్రజ్ఞులు దీనిని సభ్యోక్తి అంటారు.

ఈ సభ్యోక్తి మాటల్లో ఎంత అందంగా ఉన్నా, అర్ధరాత్రి నిద్రలో ఉలికిపడి లేచి ఏడ్చే అయిదేళ్ళ పిల్లవాని ప్రక్కన అది ప్రమాదకరంగా పరిణమిస్తుంది. 'ఏదో పురుగు కుట్టింది, పొద్దున్నే చూద్దాం' అన్న ఒక్క వాక్యంలో చీమ కాటుకూ కట్లపాము కాటుకూ భేదం లేకుండా పోతుంది. ఒకదానికి చల్లని నీరు చాలు. మరొకదానికి తెల్లవారే వరకు గడువు ఉండదు. కాబట్టి ఇంటిలో చిన్నపిల్లలున్న ప్రతివారూ, ముఖ్యంగా తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ప్రక్కలో వేసుకొని పడుకొనే మీవంటి విద్యార్థులూ, ఈ 'పురుగు' అన్న మాటను విప్పి చూడవలసి ఉన్నది.

మన భాష ఈ విషయంలో పూర్తిగా అజాగ్రత్తగా లేదు. నామవాచకం దగ్గర చేసిన లోపాన్ని క్రియ దగ్గర కొంత సవరించుకొన్నది. తేలు కుడుతుంది, కందిరీగ కుడుతుంది, దోమ కుడుతుంది. పాము కరుస్తుంది, జెర్రి కరుస్తుంది, సాలెపురుగు కరుస్తుంది. సూదివంటి అవయవంతో గుచ్చేది కుట్టడం. నోటితో పట్టేది కరవడం. దోమ గుచ్చేది తోకతో కాదు, నోటితోనే. అయినా ఆ నోరు సూదివలె ఉన్నది కాబట్టి 'కుట్టింది' అనడంలో తప్పు లేదు. చీమల్లో కొన్ని కరిచి ఊరుకొంటాయి, కొన్ని కరిచి పట్టుకొని తోకతో కుడతాయి కూడ. ఇంతటి వివేచన ఉన్న భాషలో 'ముట్టింది' అనే మూడవ క్రియ ఒకటి ఉన్నది. అది ఏమీ చెప్పదు. వైద్యుని ముందు మాత్రం ఆ మాట వాడకండి. ఏమి కనిపించింది, ఎక్కడ కనిపించింది, ఎన్ని గంటలకు పిల్లవాడు ఏడ్చాడు, అప్పటినుండి ఏమేమి మార్పులు వచ్చాయి అన్నవే ఆయనకు కావలసినవి. ఏమీ కనిపించకపోతే కనిపించలేదనే చెప్పాలి. ఊహను చూసినట్లుగా చెప్పడం వైద్యుని దారి మళ్ళించడమే.

మన ఇళ్ళలో పిల్లల పడకగది అని వేరుగా ఉండటం పట్టణాల్లో ఇటీవల వచ్చిన అలవాటు. నర్సీపట్నం పరిసరాల్లో, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో, పిల్లవాని పడక అంటే తల్లి ప్రక్క, చీర ఉయ్యాల, నేలమీది చాప, లేదా తాతగారి నులకమంచం. తూర్పు కనుమల అంచున ఉన్న ఊరు కాబట్టి ఇంటి వెనుక జీడిమామిడి తోట, గోడవారన పేర్చిన కట్టెలు, మూలన వేసిన పెంకులు సర్వసాధారణం. తొలకరి పడగానే పుట్టల్లోకీ కలుగుల్లోకీ నీరు చేరుతుంది. వాటిలో ఉండేవి పొడిగా ఉన్న తావును వెదుక్కొంటూ ఇంటిలోకి వస్తాయి. అవి పిల్లవానిని వెదుక్కొంటూ రావు. పిల్లవాడు నిద్రలో చేయి చాచినప్పుడు, ప్రక్కకు దొర్లినప్పుడు, అవి నలిగి తమను తాము రక్షించుకొంటాయి. మిడతలు, బొద్దింకలు, ఎలుకలు ఉన్న ఇంటికి వాటిని తినే ప్రాణులు రావడం కూడ అంతే సహజం.

పిల్లవాడు లేచి ఏడ్చినప్పుడు మొదట చేయవలసినది దీపం వేయడం. ఇది చెప్పనవసరం లేని సంగతిగా తోచవచ్చు. కాని చీకటిలోనే పిల్లవానిని జోకొట్టి, అదే పక్కమీద మళ్ళీ పడుకోబెట్టే తల్లులు ఎందరో ఉన్నారు. కుట్టిన ప్రాణి అదే దుప్పటిలో ఉండి రెండవసారి కుట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి దీపం వేసి, పిల్లవానిని పక్కమీదినుండి ఎత్తి వేరొక చోట కూర్చోబెట్టి, బట్టలు విప్పి ఒళ్ళంతా చూడాలి. మెడ మడతలు, చంకలు, మొలతాడు క్రింద, కాలివ్రేళ్ళ సందులు, చెవుల వెనుక చూడటం మరువరాదు. ఇంకొకరు చెప్పులు తొడుక్కొని, కర్రతో దుప్పటినీ దిండునూ కదిపి చూడాలి. ఉత్త చేతులతో దులపరాదు. పరశురాముని నిద్రకు భంగం కలుగరాదని తొడను తొలిచే అలర్కమనే పురుగు బాధను పెదవి కదపక ఓర్చుకొన్న కర్ణుని కథ మీకు తెలిసినదే. పసిపిల్లలు కర్ణులు కారు. వారు ఏడుస్తారు, అది మన అదృష్టం. ఏడవనివారిని గురించే ఎక్కువగా జాగ్రత్తపడాలి. తాకవద్దన్న చోట చేయి పెట్టి కుట్టించుకొన్న పిల్లవాడు తిట్లకు వెరచి తేలు కుట్టిన దొంగవలె నోరు మూసుకొంటాడు. ఆ మౌనం కొన్ని గంటల విలువైన కాలాన్ని హరిస్తుంది.

నూటికి తొంబది సందర్భాల్లో కనిపించేవి చీమలు, దోమలు, నల్లులు. చీమ కాటు పొక్కులు గుంపుగా ఒకేచోట, పాలో తీపి పదార్థమో ఒలికిన ప్రక్కన కనిపిస్తాయి. నల్లి కాట్లు తెల్లవారిన తరువాత తెలుస్తాయి. మూడు నాలుగు దద్దుర్లు ఒక వరుసలో ఉండి, పరుపు కుట్లలోనూ మంచం కోళ్ళ కీళ్ళలోనూ నల్లని చుక్కలు కనిపిస్తే అవి నల్లులవే. వీటికన్నిటికీ చికిత్స ఒకటే. సబ్బునీటితో కడగడం, చల్లని తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచడం, దురద ఎక్కువైతే కాలమైన్ ద్రవం పూయడం, గోళ్ళు కత్తిరించడం. చివరిది అతి ముఖ్యం. కాటుకంటె గోటి గీతవల్లనే పుండ్లు పడతాయి. దురద రాత్రిపూట మాత్రమే పెచ్చుపెరిగి, వ్రేళ్ళ సందుల్లో సన్నని పొక్కులుండి, ఇంటిలో మరి ఇద్దరు ముగ్గురు కూడ గోక్కొంటూ ఉంటే అది కాటు కాదు, గజ్జి. అప్పుడు పిల్లవానికి ఒక్కనికే మందు పూయడం వృథా. ఇంటిల్లిపాదికీ ఒకేరోజు పూయాలి.

చెవిలో పురుగు దూరడం కూడ రాత్రివేళల్లో తరచుగా జరిగేదే. 'చెవిలో జోరీగ' అన్న నుడికారం ఊరకే పుట్టలేదు. ఆ రొదకు పెద్దవారే తాళలేరు, పసివాడు తల బాదుకొని ఏడుస్తాడు. పుల్లతోనో పిన్నుతోనో కెలికితే పురుగు మరింత లోనికి పోతుంది, కర్ణభేరి చిరిగే ప్రమాదమూ ఉన్నది. పిల్లవానికి ఇదివరలో చెవినుండి చీము కారిన వ్యాధి లేనట్లయితే, గోరువెచ్చని కొబ్బరినూనె కొన్ని చుక్కలు వేస్తే పురుగు చనిపోయి రొద ఆగుతుంది. దానిని బయటికి తీయడం మాత్రం వైద్యుని పని.

ఇక సాలెపురుగు. ప్రాచీనులకు దీనిపై విచిత్రమైన రెండు భావాలున్నాయి. సంస్కృతంలో దీనికి ఊర్ణనాభమని, తంతువాయమని, లూత అని పేర్లు. మన 'సాలె' శబ్దం కూడ నేతను సూచించేదే. సుశ్రుతసంహితలోని కల్పస్థానం విషచికిత్సకు కేటాయించబడిన భాగం. కామధేనువు విషయంలో విశ్వామిత్రునిపై ఆగ్రహించిన వసిష్ఠుని నుదుటినుండి చెమటబొట్లు కోసిన గడ్డిపై రాలగా వాటినుండి లూతలు పుట్టాయని అందులో కథ చెప్పబడింది. 'లూన' మంటే కోయబడినది. మహర్షి కోపంనుండి పుట్టిన ప్రాణికి ఘోరమైన విషం ఉండక తప్పదు కదా! ఆ గ్రంథం లూతలను పదహారు విధాలుగా విభజించి, వాటిలో సగాన్ని అసాధ్యాలుగా పేర్కొన్నది. మరొక వైపు శ్రీకాళహస్తిలో సాలెపురుగు శివభక్తికి ప్రతీక. ఆ క్షేత్రనామంలోని మొదటి అక్షరమే దానిది. పదహారవ శతాబ్దికి చెందిన ధూర్జటి దాని కథను కావ్యంగా మలిచాడు. ఒకచోట కాలకూటం, ఒకచోట కైవల్యం. నిజం ఈ రెండింటికీ దూరంగా, చాల సాధారణంగా ఉంటుంది.

మన ఇళ్ళలో తిరిగే సాలెపురుగుల్లో అత్యధికభాగం మనుష్యుని చర్మాన్ని గట్టిగా కరవలేనివి. గోడమీద అరచేయంత విస్తరించి, పొట్ట క్రింద తెల్లని గుడ్ల సంచిని మోసుకొంటూ పరుగెత్తే గోధుమరంగు సాలీడును చూసి కేకలు వేయనివారుండరు. అది బొద్దింకలను తిని బ్రతుకుతుంది. నొక్కిపట్టుకొంటే తప్ప కరవదు. కరిచినా ఆ నొప్పి కందిరీగ కుట్టినంతగా ఉండి తగ్గిపోతుంది. ఆంధ్రదేశానికి చెందిన సాలెపురుగుల్లో లోకప్రసిద్ధి పొందినది ఇంకొకటి ఉన్నది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలువ ఉంచే చోట దొరికిన ఒక నీలిరంగు సాలీడును ఆధారం చేసుకొని కొత్త జాతిని వర్ణించాడు. ఆ తరువాత నూరేళ్ళ పాటు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో మళ్ళీ కనబడినప్పుడు, గుత్తి దాని స్వస్థలం కాదనీ, కలపతోపాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందనీ తేలింది. నెమలికంఠం వన్నెగల ఈ ప్రాణిని విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకొనేవారున్నారు. అడవిలో మాత్రం 2008నాటికే అది అంతరించిపోయే స్థితికి చేరినదిగా ప్రకటింపబడింది. దీని జాతివి కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టివేయడం కొన్నాళ్ళు ఉంటాయి. ప్రాణాపాయం కలిగినట్లు దాఖలాలు లేవు. అది చెట్టు తొర్రల్లో దాగి బ్రతికేది, పిల్లల పక్కలోకి వచ్చేది కాదు.

మరి 'సాలెపురుగు పాకింది' అని తెల్లవారి పిల్లవాని మెడమీదా చెంపమీదా చూపించే ఆ ఎర్రని కాలిన చారలు ఏమిటి? పాపం, ఇక్కడ సాలీడు నిర్దోషి. వర్షాకాలంలో ట్యూబులైటు చుట్టూ మూగే పురుగుల్లో చీమకంటె కొంచెం పొడవుగా, నల్లని తల, నారింజరంగు దేహం, నడుమ లోహపు నీలిమెరుపు ఉన్న సన్నని పురుగు ఒకటి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని పెడరస్ అంటారు. అది కుట్టదు, కరవదు. మెడమీద పాకినప్పుడు నిద్రమత్తులో మనం అరచేత్తో రుద్ది నలుపుతాము. దాని రక్తంలో ఉన్న పెడరిన్ అనే ద్రవ్యం చర్మాన్ని కాలుస్తుంది. ఆ ప్రభావం వెంటనే కాక ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది కాబట్టి కారణం ఎవరికీ తట్టదు, నింద మూలనున్న సాలీడుమీద పడుతుంది. మోచేయి ముడిచిన చోట ఒక మచ్చకు ఎదురుగా అద్దంలో ప్రతిబింబంవలె రెండవ మచ్చ ఉంటే అది నిస్సందేహంగా ఈ పురుగు పనే. దీనిని నలపక ఊది తోలాలి. నలిగిపోతే సబ్బుతో వెంటనే కడగాలి. ఆ చేతితో కన్ను నలుపుకోరాదు. పడుకొనే ముందు కిటికీ ప్రక్కనున్న దీపం తీసివేస్తే సగం బాధ తప్పుతుంది.

సాలీడుకు లేని ప్రమాదం తేలుకు ఉన్నది. పాముకు తలలోనూ తేలుకు తోకలోనూ విషముంటుందని సుమతి శతకం ద్వారా బాల్యంలోనే నేర్చుకొన్నాము. ఏ తేలుకు ఎంత విషమో మాత్రం నేర్చుకోలేదు. నల్లగా, లావుగా, పెద్ద డెక్కలతో చూసినవారి గుండెలు అదిరేటట్లు ఉండే మండ్రగబ్బ నిజానికి అల్పవిషం కలది. నొప్పి ఉంటుంది, తగ్గుతుంది. చిటికెనవ్రేలంత పొడవుతో, ఎర్రగానో పసుపువన్నెగానో, సన్నని డెక్కలతో అమాయకంగా కనిపించే ఎర్రతేలే ప్రాణాంతకమైనది. డెక్కలు లావైతే విషం తక్కువ, డెక్కలు సన్నమై తోక లావైతే విషం ఎక్కువ అన్నది స్థూలంగా గుర్తుంచుకోదగిన లక్షణం.

తేలు మంత్రం ఎందుకు ఫలిస్తుందో ఇప్పుడు అర్థం కావాలి. కుట్టిన తేళ్ళలో అధికభాగం అల్పవిషం కలవి. ఎర్రతేలు కుట్టినా ఎక్కువమంది పెద్దవారిలో విషం నొప్పితోనే ఆగిపోతుంది. కొన్ని గంటల్లో ఆ నొప్పి తనంత తానే తగ్గుతుంది. ఆ గంటల్లో ఎవరు ప్రక్కన కూర్చొని వేపమండ విసిరితే కీర్తి వారికి దక్కుతుంది. చింతగింజను రాతిపై అరగదీసి కుట్టినచోట అంటించడం కూడ అటువంటిదే. దానివల్ల హాని లేదు, కాని ఆ గింజ ఊడిపడేదాకా ఎదురుచూడటంవల్ల హాని ఉన్నది. పసిపిల్లల విషయంలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. పెద్దవాని దేహంలో చేరిన విషమే పది పన్నెండు కిలోల దేహంలో చేరితే దాని బలం అనేక రెట్లు. అందువల్ల తేలు ఏదైనా సరే, కుట్టినది చిన్నపిల్లవానినైతే ఆసుపత్రికి తీసుకొనిపోయి కొన్ని గంటలపాటు వైద్యుల కనుసన్నల్లో ఉంచాలి.

ఎర్రతేలు విషం నరాలను రెచ్చగొడుతుంది. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, నోటివెంట చొంగ, అరచేతులు అరికాళ్ళు మంచువలె చల్లబడటం మొదటి గుర్తులు. విచిత్రమేమంటే విషం తీవ్రంగా ఎక్కిన పిల్లవానిలో కుట్టినచోట నొప్పి అంతగా ఉండకపోవచ్చు. నొప్పి లేదని ఊరట చెందరాదు. ఆపైన గుండె లయ తప్పుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరి దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఒకప్పుడు ఈ దశకు చేరినవారిని కాపాడే ఉపాయం ఉండేది కాదు. మహారాష్ట్రలోని కొంకణ తీరాన, మహాడ్ సమీపాన ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో 1970లలో చేరిన యువవైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ కన్నులెదుట ఇటువంటి మరణాలెన్నో జరిగాయి. ఆయన వార్డులోనే గడిపి ఒక్కొక్క రోగి గుండెనూ రక్తపుపోటునూ గంటగంటకూ వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ పరిశీలనలు 1982లో ప్రసిద్ధ వైద్యపత్రిక 'లాన్సెట్'లో వెలువడ్డాయి. రక్తపుపోటుకు వాడే ప్రజోసిన్ అనే చౌక మాత్ర ఈ విషప్రభావానికి విరుగుడుగా పనిచేయగలదని ఆయన గ్రహించి, ఆ చికిత్సను ప్రవేశపెట్టాడు. ఆ ప్రాంతంలో తీవ్రంగా విషమెక్కినవారిలో నూటికి ఇరవై అయిదు, ముప్పై వరకు ఉండిన మరణాలు నూటికి ఒకటికంటె తక్కువకు దిగివచ్చాయి. తేలు విషానికి ప్రతివిషాన్ని కూడ ప్రజోసిన్‌తో కలిపి ఇస్తే రోగి మరింత త్వరగా కోలుకొంటాడని 2011లో ఆయన ప్రకటించిన పరిశోధన నిరూపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పెద్ద నగరంలోని పరిశోధనాలయంలో కాక, మన గొలుగొండవంటి, కొయ్యూరువంటి ఒక పల్లె ఆసుపత్రిలో ఇంతటి పని జరిగిందన్నది విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గమనించదగిన విషయం.

తేలుకంటె కూడ భయపడవలసినది కట్లపాము. ఇది కీటకం కాదు కదా అని సందేహించవచ్చు. కాని 'పురుగు కుట్టింది' అన్న మాట చాటున ప్రాణాలు తీసేది ఇదే. త్రాచుపాము పడగ విప్పి బుసకొడుతుంది, రక్తపింజరి కరిస్తే వాపూ నొప్పీ దుర్భరంగా ఉంటాయి. కట్లపాము అటువంటి హెచ్చరిక ఏదీ చేయదు. రాత్రిళ్ళు సంచరిస్తుంది. నేలమీద పడుకొన్నవారి పక్కలోకి చేరుతుంది. దాని కోరలు సన్నవి కాబట్టి కరిచినచోట గాటు కనబడకపోవచ్చు, నొప్పి లేకపోవచ్చు, వాపు రాకపోవచ్చు. పిల్లవాడు లేచి ఏదో కుట్టిందని ఏడ్చి మళ్ళీ పడుకొంటాడు. లేదా తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, వాంతి చేసుకొంటాడు. తల్లి అజీర్ణమనుకొని వాము నీరు పట్టిస్తుంది. కొంతసేపటికి కనురెప్పలు బరువుగా వాలుతాయి. నిద్రమత్తు అనుకొంటారు. మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చివరకు ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి.

కాబట్టి నేలమీద పడుకొన్న పిల్లవాడు రాత్రివేళ కారణం లేని కడుపునొప్పితో లేచినా, రెప్పలు ఎత్తలేకపోయినా, గొంతు మారినా, గాటుకోసం వెదుకుతూ కూర్చోరాదు. ఆ క్షణమే బయలుదేరాలి. 2005 ఆగస్టులో మన రాష్ట్రంలో మొదలైన 108 వాహన సేవ ఇటువంటి వేళలకోసమే. వాహనం ఆలస్యమయ్యే చోట మోటారుసైకిలుమీద ఇద్దరి నడుమ పిల్లవానిని కూర్చోబెట్టుకొని పోయినా సరే. కరిచిన కాలినో చేతినో బద్దకట్టి కదలకుండ ఉంచాలి, పిల్లవానిని నడిపించరాదు. త్రాటితో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం సినిమాల్లో చూడదగినవే కాని చేయదగినవి కావు. బిగించిన కట్టు రక్తప్రసారాన్ని ఆపి అవయవానికే ముప్పు తెస్తుంది. మన దేశంలో తయారయ్యే పాము విషపు విరుగుడు మందు త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికీ కలిపి చేసినదే కాబట్టి పామును చంపి సంచిలో వేసుకొని ఆసుపత్రికి మోసుకొనిపోవలసిన పని కూడ లేదు.

తేనెటీగలు, కందిరీగలు పగటి శత్రువులు. తేనెటీగ ముల్లు చర్మంలో మిగిలి ఉంటే గోటితో గీకి వెంటనే తీసివేయాలి. ఒకటి రెండు కుట్టినందువల్ల ప్రమాదం లేదు. అయితే కొందరు పిల్లల దేహతత్త్వానికి ఆ విషం పడదు. కుట్టిన కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులూ నాలుకా ఉబ్బి, పిల్లికూతలతో ఊపిరాడక, సొమ్మసిల్లితే అది అత్యవసర స్థితి. ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే అప్పుడు ప్రాణాలు నిలుపుతుంది. చీమ కాటుకూ ఈ విధంగా జరిగే అవకాశం అరుదుగానైనా ఉన్నది.

వెంటనే బాధించక పది రోజుల తరువాత బాధించే కాట్లు మరొక తరగతికి చెందినవి. వీటిలో మొదటిది దోమ. మన్యం జ్వరమంటే చింతపల్లి, పాడేరు వైపు బదిలీ అయిన ఉద్యోగులు ఒకప్పుడు గడగడలాడేవారు. ఆ జ్వరానికి మూలం చెడుగాలి కాదు, దోమ అని తేలినది తెలుగునేలపైనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు సమీపాన బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆయనకు సహకరించిన రోగి హుసేన్‌ఖాన్, తనను కుట్టనిచ్చిన దోమకు ఒక అణా చొప్పున తీసుకొన్నాడట. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చరిత్రలో హుసేన్‌ఖాన్‌కు దక్కినది ఆ అణాలే. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పిల్లవాని మధ్యాహ్నపు నిద్రకు కూడ దోమతెర కట్టవలసినది ఇందుకే.

రెండవది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టినచోట నొప్పి ఉండదు. వారం పదిరోజులకు జ్వరం వస్తుంది. కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఏర్పడుతుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, సరిగ్గా మొలతాడు క్రిందనో దాగి ఉంటుంది కాబట్టి జ్వరపడిన పిల్లవానిని బట్టలు విప్పి చూడని వైద్యం అసంపూర్ణం. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మందులతో ఇది నయమవుతుంది. ఈ డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ వంశానికి చెందినది. ఆ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి అందించిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించినవాడు 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. దోమకాటువల్లనే వచ్చే బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడ ఆయన బృందం కృషిఫలమే. మన కోస్తా జిల్లాల్లో ఏటేటా ఇంటింటికీ పంచిన ఆ మాత్రల వెనుక ఒక తెలుగువాని పేరున్నదని మింగినవారిలో ఎందరికి తెలుసు?

పడక విషయంలో పాటించదగినవి మన పెద్దలకు తెలియనివి కావు. పడుకొనే ముందు చాప దులపడం, పక్కను గోడకు జానెడు దూరంగా వేయడం, దుప్పటి అంచు నేలకు వ్రేలాడకుండ చూడటం, వీలైనంతవరకు పిల్లలను మంచంమీదనే పడుకోబెట్టడం. తెల్లవారి బూట్లు, చిలక్కొయ్యకు తగిలించిన చొక్కా విదిలించి తొడగడం. కట్టెలమోపు పడకటింటి గోడను ఆనుకొని ఉండరాదు. వీటన్నిటికంటె మేలైనది దోమతెర. అయితే దాని అంచులను పరుపు క్రిందికో చాప క్రిందికో నాలుగువైపులా దోపాలి. అప్పుడది దోమలనే కాక తేలునూ జెర్రినీ కట్లపామునూ కూడ ఆపుతుంది. దోమతెరలో పడుకొన్నవారిలో పాము కాట్లు తక్కువని ఆగ్నేయ నేపాల్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. ఉయ్యాల తొట్టికి మాత్రం తెర పసివాని ముఖంమీద పడకుండ ఎత్తుగా కట్టాలి.

పురుగును చంపబోయి పిల్లవానికి కీడు చేసుకొనే ఇళ్ళూ ఉన్నాయి. చీమలమందు సుద్దముక్క పలకమీద వ్రాసే బలపంవలెనే ఉంటుంది, రెండేళ్ళ పాప దానిని నోట పెట్టుకొంటుంది. తలుపులన్నీ మూసి దోమల చుట్ట వెలిగించిన గదిలో పసివాడు రాత్రంతా ఆ పొగనే పీలుస్తాడు. అన్నిటికంటె ఘోరమైనది చేలకు కొట్టే మందును నల్లులకోసం మంచానికి పూయడం, పేలకోసం తలకు రాయడం. ఎండ్రిన్ నిషేధింపబడి దశాబ్దాలు గడిచినా, పల్లెల్లో ప్రతి పురుగుమందునూ నేటికీ 'ఎండ్రిన్' అనేవారున్నారు. ఆ జాతి మందులు చర్మంగుండానే రక్తంలో చేరుతాయి. నల్లులకు మరిగే నీరు, మండుటెండ చాలు. మంచాన్ని ఎండలో వేసి, నులక సందుల్లో కాగిన నీరు పోసి, పరుపును రెండు వైపులా ఎండనిచ్చి, వారం తరువాత గుడ్లనుండి పుట్టినవాటికోసం మళ్ళీ అదే పని చేయాలి. పేలకు సన్నపళ్ళ దువ్వెన, కొబ్బరినూనె, తీరికగా కూర్చోగలిగే ఒక అమ్మమ్మ ఉంటే చాలు.